చెయ్యి ముందా, అడుగు ముందా

ఇప్పుడు కెమెరా గురించి నన్ను సలహా అడిగేవాళ్ళెవరూ లేరు. మా మనవరాలు కూడా అడగదు. ఫోన్ తీస్తుంది, పట్టుకోవాల్సింది పట్టుకుంటుంది, నేను నోరు తెరిచేలోపు నలుగురికి పంపేస్తుంది. వనపర్తిలో ఒక ఎలక్ట్రానిక్స్ దుకాణంలో ఇరవై రెండేళ్ళు కౌంటరు వెనక నిలబడి టీవీలు, టేప్‌రికార్డర్లు, ఆ తర్వాత వీడియో కెమెరాలు అమ్మినవాణ్ణి నేను. అన్నేళ్ళలో నన్ను బాగా సిగ్గుపడేలా చేసిన బేరం ఒకటుంది. నాకు కాస్తో కూస్తో బుద్ధి వచ్చిందీ దానివల్లే. ఇవాళ కౌంటర్ల వెనక నిలబడుతున్న పిల్లలు చదువుతారని రాస్తున్నాను. చదవకపోయినా నా బరువు దిగుతుంది.

రెండువేల ఐదు, ఆరు ఆ ప్రాంతం. అంతకుముందు వీడియో కెమెరా అంటే పెళ్ళిళ్ళకు వచ్చే స్టూడియో వాళ్ళ భుజం మీది బరువు. అప్పుడప్పుడే అరచేతిలో పట్టేవి వచ్చాయి, ధరలు కూడా టీచర్లకూ, నాలుగెకరాల రైతులకూ అందేలా దిగాయి. ప్రతి కెమెరాకీ పక్కన ఒక స్టిక్కర్ ఉండేది. దూరంలో ఉన్నదాన్ని ఎన్ని రెట్లు దగ్గరికి లాగుతుందో దాని మీద పెద్ద అంకెల్లో వేసేవాళ్ళు. మా దగ్గరికి వచ్చే ప్రతివాడూ మొదట అడిగేది ఆ అంకే. ఎనిమిది వందలని ఉంటే కళ్ళు మెరిసేవి. ఇరవై, ఇరవై అయిదు దాటాక మిగిలినదంతా ఉత్త సాగదీతేనని నాకు తెలుసు. తెలిసి కూడా చెప్పేవాణ్ణి కాదు.

నాకో అలవాటుండేది. కొనేవాణ్ణి దుకాణం గుమ్మంలో నిలబెట్టి, రోడ్డుకు అవతల మేడ మీదున్న గోడ గడియారం వైపు కెమెరా తిప్పి, దాన్ని దగ్గరికి లాగేవాణ్ణి. బుల్లి తెర మీద గడియారం ముల్లు నిండుగా కనబడేది. ముల్లు కనబడగానే బేరం కుదిరినట్టే. ఆ ఒక్క గడియారంతో నేను ఎన్ని కెమెరాలు అమ్మానో లెక్కలేదు. గడియారం ఎక్కడికీ పరుగెత్తదన్న సంగతి మాత్రం నాకెప్పుడూ తట్టలేదు.

ఒకనాడు గద్వాల అవతలి పల్లె నుంచి ఒక రైతు, భార్యనూ ఏడాది పిల్లనూ వెంటబెట్టుకుని వచ్చాడు. ముప్పై ఏళ్ళుంటాయి. గద్వాలలో రెండు దుకాణాలు తిరిగి, ధర కుదరక, జూరాల డ్యామ్ మీదుగా బస్సెక్కి మా దాకా వచ్చారట.

"అన్నా, పిల్లది ఇప్పుడిప్పుడే నడుస్తుంది. దాన్ని తీయాలె. మాకు బండ లాగే ఎద్దులున్నయి. అవి ఉరుకుతయి. వాటిని గూడ తీయాలె. రెండిటికీ ఒక్కటే కెమెరా కావాలె. జర అగ్గువల చూపియ్యి" అన్నాడు.

ఎద్దుల్ని తీసి ఏం చేస్తావని నేను అడగలేదు. ఆయన మాట పూర్తయ్యేసరికే నా చెయ్యి అద్దాల బీరువాలోకి పోయింది. ఆ నెల మా దగ్గర చిన్న బిళ్ళ మీద రికార్డు చేసే కెమెరా కొత్తగా వచ్చింది. తీసిన బిళ్ళను నేరుగా డీవీడీ ప్లేయర్‌లో వేసి చూసుకోవచ్చు, వైర్ల గొడవ లేదు. అలాంటివి మూడు అమ్మిన సేల్స్‌మన్‌కు కంపెనీ ఒక ప్రెషర్ కుక్కర్ ఇస్తానంది. నేను అప్పటికి రెండు అమ్మాను.

ఆయన భార్య పిల్లను చంకకెత్తుకుని, బీరువాలో పక్కనే ఉన్న పాత రకం కెమెరాను చూపించింది. అది చిన్న టేపు వేసేది. కొంచెం లావుగా, మోటుగా ఉంటుంది. స్టిక్కర్ మీద అంకె కూడా చిన్నదే.

"అన్నా, టేపుది మంచిదా, బిళ్ళది మంచిదా? ఉరికేది ఆపి ఆపి చూడనీకె దేంట్ల..."

"అన్నిట్లోనూ చూడొచ్చమ్మా. బిళ్ళది కొత్త రకం" అన్నాను, ఆమె మాట పూర్తి కాకముందే. వాళ్ళను గుమ్మంలోకి తీసుకెళ్ళి గడియారం చూపించాను. కుక్కర్ మా ఇంటికొచ్చింది.

మూడు వారాల తర్వాత రైతు ఒక్కడే వచ్చాడు. అరవలేదు. జేబులోంచి బిళ్ళ తీసి, "వేసి చూడన్నా" అన్నాడు. దుకాణంలో ఉన్న పెద్ద టీవీలో వేశాను.

మొదట పాప వచ్చింది. గడప పట్టుకుని లేచి, మూడడుగులు వేసి, కూలబడి, తనకు తానే చప్పట్లు కొట్టుకుంది. అద్దంలా వచ్చింది. నేను గర్వంగా ఆయన వైపు చూశాను. "ఉండు, ఇంకా ఉంది" అన్నాడు.

తర్వాత ఎద్దుల పోటీ. ముందు పది నిమిషాలు ఎద్దులు లేనే లేవు. మన దగ్గర కెమెరా అంటే దాని ముందు నిలబడాలి కదా. బావలు, బామ్మర్దులు, మేనమామలు వరసగా చేతులు కట్టుకుని, ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. వాళ్ళ వెనక దుమ్ములో ఎద్దులు వెళ్తున్నాయి. టీవీ కౌంటర్లో ఉండే నా సహోద్యోగి, "గ్రూపు ఫోటో మస్తుగుంది" అని నవ్వాడు. ఆ తర్వాత ఎవరో వాళ్ళను పక్కకు నెట్టారు, ఎద్దులు కనబడ్డాయి. కనబడ్డాయి అంటే, దుమ్ము రేగిందో లేదో బొమ్మంతా గళ్ళు గళ్ళుగా విరిగిపోయింది. కాళ్ళున్న చోట ఇటుకల కుప్పలున్నాయి. ఆపి చూస్తే ఇంకా అధ్వాన్నం.

"కాళ్ళు యాడున్నయన్నా?" అన్నాడు రైతు.

నేను లైటు సంగతి, దుమ్ము సంగతి మొదలుపెట్టాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టి ఆపాడు.

"నీకు ఇషయం తెల్వదు. మా నాయిన ఎద్దులు తోలితే మూడు తాలూకాలల్ల పేరు. పోయినేడు పక్షవాతమొచ్చి పడిపోయిండు. కుడి చెయ్యి, కుడి కాలు పోయినయి. అప్పటిసంది నేనే తోల్తున్న. దాపటెద్దు మంచిగనే లాగుతది. ఎలపటిది నడుమల సతాయిస్తుంది, నిలబడ్తది. నాగర్‌కర్నూల్ దిక్కు పోతే గట్లనే చేసింది, యాడికి పోయినా గంతే. అందరు సోమరిది, అమ్మెయ్యమన్నరు. రాయచూరు బేరగాని తాన బయానా గూడ తీస్కున్న. వచ్చే బేస్తారం వచ్చి కొట్టుకపోతడు."

దాపటిది అంటే కాడికి ఎడమ వైపు కట్టేది, ఎలపటిది కుడి వైపుది. బేస్తారం అంటే గురువారం, బయానా అంటే అడ్వాన్సు. పోటీ ఎద్దుకు ఒకసారి సోమరిదన్న పేరొస్తే, ఆ తర్వాత దాని బతుకు ఎక్కడ తేలుతుందో పశువుల సంత చూసినవాళ్ళకు చెప్పనక్కరలేదు.

"మరి కెమెరా..." అన్నాను.

"ఆ ఎలపటిది తల్లి చచ్చిన దూడ. మా నాయిన సొంత చేతులతోని పాలు తాపి సాకిండు. మంచం మీదికెల్లి ఒక్కటే మాట. నన్ను ఆడికి తీస్కపోలేవు, దాని కాళ్ళు నాకు చూపెట్టు, చూసినంక అమ్ముకో అంటుండు. గందుకే కొన్న. ఆయితారం జాతరల ఇంకొక్క పోటీ ఉంది. గదే ఆఖరు."

గల్లాపెట్టె దగ్గర మా సేటు అంతా విన్నాడు. దుకాణం యజమానిని మేము సేటు అనేవాళ్ళం. ఇంట్లో ఉర్దూ, దుకాణంలో మాలాగే పాలమూరు తెలుగు. ఆయన నెత్తి మీదే ఒక బోర్డు వేలాడేది, అమ్మిన సామాను వాపసు తీసుకోబడదు అని. రైతు ఆ బోర్డు వైపు ఒకసారి చూసి తల దించుకున్నాడు.

"ఆయన ఏమడిగిండు, నువ్వేమిచ్చినవ్?" అని సేటు నన్నే అడిగాడు.

కుక్కర్ సంగతి సేటుకు తెలుసు.

"టేపుది తీస్కపో" అన్నాడు. "ఆయితారం నువ్వే పోయి తీసి చూపెట్టు. కాళ్ళు కనబడితే గదే ఆయనకిచ్చి, బిళ్ళది వాపస్ పట్కరా. కనబడకపోతే ఏం చేయాల్నో నువ్వే సోంచాయించు. నన్ను పరేషాన్ చెయ్యకు."

ఆదివారం పొద్దున్నే ఆత్మకూరు మీదుగా గద్వాల బస్సెక్కాను. సీట్లో కూర్చున్నాక ఒక నిజం చన్నీళ్ళలా నా మీద పడింది. ఇన్ని కెమెరాలు అమ్మిన నేను ఏ రోజూ ఒక్క కెమెరాను దుకాణం గుమ్మం దాటించలేదు. కదిలేదాన్ని దేన్నీ తీయలేదు. ఒళ్ళో కెమెరా పెట్టుకుని, దాంతో వచ్చిన పుస్తకాన్ని మొదటిసారి చదవడం మొదలుపెట్టాను. పరుగెత్తుతున్న మనిషి బొమ్మ ఒకటుంది. వేగంగా కదిలేవి తీసేటప్పుడు దాన్ని పెట్టుకోవాలని రాసి ఉంది. ఆ బొమ్మను ఎన్నోసార్లు చూశాను, అందం కోసం వేశారనుకున్నాను. జూరాల గేట్ల మీద బస్సు పోతుంటే కృష్ణను చూద్దామని అందరూ కిటికీల వైపు వంగారు. నేను మాత్రం తల ఎత్తకుండా చదువుకున్నాను, పరీక్ష రోజు పుస్తకం తెరిచిన పిల్లాడిలాగా.

జాతర దగ్గర పొలం చదును చేసి దారి గీశారు. పెద్ద బండరాయికి గొలుసు, గొలుసుకు కాడి. ఇచ్చిన టైములో ఎద్దులు ఆ బండను అటూ ఇటూ ఎంత దూరం లాగితే అంత. రెండు పక్కలా ట్రాక్టర్లు, వాటి మీద జనం. నేనూ కెమెరాలో ఆ పరుగు మనిషి బొమ్మ పెట్టుకుని ఒక ట్రాలీ ఎక్కాను. నా పక్కన రైతు భార్య, ఆమె చంకలో పాప. కెమెరా ముందు నిలబడడానికి వచ్చిన బామ్మర్దులను ఆమే కసిరి పంపించింది.

మా ఎద్దుల వంతు వచ్చింది. రైతు చెర్నకోల పట్టుకుని ఎలపటెద్దు పక్కన నిలబడ్డాడు. ఈల మోగింది. నేను గడియారం పని మొదలుపెట్టాను. అంటే, ఎద్దు గిట్టల్ని పూర్తిగా దగ్గరికి లాగాను. ఒక క్షణం గిట్ట కనబడింది. తర్వాత ఆకాశం, ఆ తర్వాత ఎవరిదో తలపాగా, మళ్ళీ ఆకాశం. అంత దగ్గరికి లాగితే వెంట్రుకంత కదలిక కూడా బారెడవుతుందని అప్పుడు తెలిసింది. మొదటి వరస అయిపోయింది, నా టేపులో ఒక్క కాలు కూడా లేదు.

"అన్నా, ఇటియ్యి" అంది ఆమె.

"మీకు రాదమ్మా..."

"నీకొచ్చిందా?" అంటూ పాపను నా చేతుల్లో పెట్టి కెమెరా తీసుకుంది.

ఆమె చేతుల గురించి చెప్పాలి. ఆ ప్రాంతంలో విత్తనాల కోసం సీడు పత్తి వేస్తారు. సాయంత్రం మొగ్గల్ని గోటితో ఒలిచి, లోపలి పుప్పొడిని తీసేసి, తెల్లారి వేరే పూల పుప్పొడి రాయాలి. కాయ కట్టేచోట గోరు తగిలితే ఆ మొగ్గ పోయినట్టే. ఆమె పెళ్ళికి ముందు నుంచీ ఆ పనిలో ఉంది. మోచేతులు ట్రాలీ అంచు మీద ఆనించింది. చేతులు కదలకుండా నడుము మాత్రం తిప్పింది. అన్నిటికంటే ముందు, నేను దగ్గరికి లాగి పెట్టినదంతా వెనక్కు పంపేసింది.

"అంత దూరం పెడితే కాళ్ళు చిన్నగా కనబడతాయి" అన్నాను.

"చిన్నగుంటే ఏమాయె? ఎద్దూ ఉండాలె, మనిషీ ఉండాలె. మామ రెండిటినీ చూస్తడు" అంది, కెమెరా మీద నుంచి కన్ను తీయకుండా.

పాప నా కళ్ళజోడు పీకుతుంటే నేను సగం గుడ్డివాడిలా చూస్తూ నిలబడ్డాను. రెండో మలుపు తర్వాత ఎలపటెద్దు అడుగు తడబడింది, నిలబడిపోయింది. "సోమరిది, సోమరిది" అని జనం. చెర్నకోల చప్పుడు ట్రాలీ దాకా వినబడింది. మళ్ళీ కదిలింది గానీ, మూడో మలుపులోనూ అదే తంతు. ఈల మోగేసరికి మావాళ్ళు చివరి నుంచి రెండో స్థానంలో ఉన్నారు.

ఇంటికి చేరేసరికి నాలుగైంది. కరెంటు లేదు. పెద్దాయన పశువుల పాక ముందు మంచం మీద గోడకు ఆనుకుని కూర్చున్నాడు. నన్ను చూసి ఎడమ చెయ్యి ఎత్తి, "దూరం నుంచి వచ్చినవు నాయనా, చల్ల తాగు" అన్నాడు. మాట ముద్దగా వస్తోంది, కానీ అర్థమవుతోంది. కెమెరాకున్న బుల్లి తెర చూపించబోతే, "గది నాకు కానరాదు" అన్నాడు. కరెంటు కోసం అందరం ఎదురుచూశాం. ఎలపటెద్దు అక్కడే కట్టేసి ఉంది. వీపు మీద కొత్త వాతలు తేలి ఉన్నాయి. పెద్దాయన వాటిని చూశాడు.

ఐదున్నరకు కరెంటు వచ్చింది. టీవీని మంచం ఎదుటికి తెచ్చి, వైర్లు తగిలించి, రిమోటు పట్టుకుని కూర్చున్నాను. టేపు తిరిగింది. దుమ్ములో కూడా కాళ్ళు కాళ్ళలాగే ఉన్నాయి. నాలుగు గిట్టలూ లెక్కపెట్టుకోవచ్చు. నాకు ఊపిరి అందింది.

"మెల్లగ తిప్పు" అన్నాడు పెద్దాయన. తిప్పాను. "ఇంకా మెల్లగ." ఒక్కొక్క బొమ్మే కదిలేలా నొక్కాను. "ఆపు. ఎన్కకు. మళ్ళ." రెండో మలుపు దగ్గర అలా ఎన్నిసార్లు వెనక్కూ ముందుకూ పోయామో. ఆయన కళ్ళు ఎద్దు మీద ఎంతసేపున్నాయో కొడుకు మీదా అంతసేపే ఉన్నాయి. చివరకు కోడలి వైపు తిరిగాడు.

"బిడ్డా, నువ్వు తీసినవు కద. నువ్వు చెప్పు. చెయ్యి ముందా, అడుగు ముందా?"

ఆమె తల వంచుకుంది. ట్రాలీ మీద ఉన్నప్పుడే ఆమెకు తెలిసిపోయిందని నాకు అప్పుడు అర్థమైంది.

"చెయ్యే మామా" అంది.

"ఏం చెయ్యి?" అన్నాడు రైతు. "అది నిలబడితేనే గద నేను చెర్నకోల ఎత్తిన!"

నేను మళ్ళీ నొక్కాను. ఎద్దు మామూలుగా అడుగు వేస్తోంది. ఆయన చెయ్యి లేచింది. అప్పుడు ఎద్దు చెవి వెనక్కు పోయింది, తల పక్కకు వాలింది. అడుగు కురచైంది. ఆ తర్వాతే నిలబడింది. దెబ్బ ఇంకా పడనే లేదు. మూడో మలుపు చూశాం, అక్కడా అదే వరస. రైతు నా చేతిలోంచి రిమోటు లాక్కున్నాడు. తనే నొక్కాడు, వెనక్కు తిప్పాడు, మళ్ళీ నొక్కాడు. చెయ్యి అడుగు కంటే వెనక్కి పోతుందేమోనని చాలాసేపు చూశాడు. పోలేదు.

రిమోటు కింద పెట్టి, తండ్రి మంచం పట్టె దగ్గర నేల మీద కూర్చున్నాడు.

"నేనే నాయినా" అన్నాడు. "దానిది ఏం లేదు. నేనే."

"నేను తోలినప్పుడు నా చేతులు యాడుండేవో యాదికుందారా?"

"ఎన్కకు కట్టుకునేటోడివి."

"మరి?" అని పెద్దాయన ఎడమ చేత్తో కొడుకు తల నిమిరాడు. రైతు ఏడ్చాడు. నాకూ కళ్ళు తడయ్యాయి, చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు. పాప మాత్రం టీవీ దగ్గరికి నడిచిపోయి ఆగిపోయిన ఎద్దు బొమ్మను అరచేత్తో కొడుతోంది.

తిరుగు బస్సులో బిళ్ళ కెమెరా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఆ రైతును తప్పుపట్టడానికి నాకు నోరు రాలేదు. నేనూ చెయ్యి ముందే ఎత్తేవాణ్ణి కదా. ఆ రోజు ఆమె "ఆపి ఆపి చూడనీకె" అన్న మాట పూర్తి కానిచ్చి ఉంటే, ఆ ఎద్దుకు ఇంకో పోటీలో ఆ దెబ్బలు పడేవి కావు. ఇంట్లో కుక్కర్ కూత పెట్టినప్పుడల్లా చాన్నాళ్ళు నాకదే గుర్తొచ్చేది.

బిళ్ళ కెమెరా చెడ్డదేమీ కాదు. నెల తిరక్కముందే దాన్ని ఒక టీచరమ్మకు ఇచ్చాను, ఆమెకు కావలసింది పిల్లాడి పుట్టినరోజులే. కానీ అప్పటి నుంచి గడియారం చూపించడం మానేశాను. కొనేవాళ్ళను రోడ్డు మీదికి తీసుకెళ్ళి, పోతున్న సైకిలును తీయమనేవాణ్ణి. అంతకంటే ముందు ఒక ప్రశ్న అడిగేవాణ్ణి. ఏం తీస్తారని కాదు, తీసింది ఎవరు చూస్తారని. అడిగి నోరు మూసుకునేవాణ్ణి. బేరాలు ఆలస్యమయ్యాయి. సేటు మొదట్లో గొణిగాడు, తర్వాత ఊరుకున్నాడు. ఒకసారి కొన్నవాళ్ళెవరూ కెమెరా వెనక్కు తేలేదు.

బేస్తారం నాడు రాయచూరు బేరగాడు తన బయానా తాను వెనక్కు తీసుకుని, ఎద్దు లేకుండానే పోయాడట. ఎస్టీడీ బూత్ నుంచి రైతే ఫోన్ చేసి చెప్పాడు.

మరుసటి ఏడు జాతర అయ్యాక, వనపర్తికి వచ్చే బంధువు చేత నాకొక టేపు పంపారు. దుకాణం టీవీలో వేశాను. సేటు, టీవీ కౌంటరు వాడు, నేను నిలబడి చూశాం. రైతు ఎద్దుల పక్కన పరుగెడుతున్నాడు. రెండు చేతులూ వెనక్కు పెట్టి తువ్వాలతో గట్టిగా కట్టేసి ఉన్నాయి. తన చేతుల మీద తనకు నమ్మకం లేక భార్య చేత కట్టించుకున్నాడట. నోటితోనే అదిలిస్తున్నాడు. ఎలపటిది ఏ మలుపులోనూ ఆగలేదు. మూడో బహుమతి వచ్చింది. కెమెరా ఎక్కడా ఊగలేదు.

టేపు అయిపోయిందనుకున్నాం. చివర్లో ఇంకొక్క నిమిషం ఉంది. పశువుల పాక ముందు పెద్దాయన మంచం. ఎలపటెద్దును తెచ్చి ఎదురుగా నిలబెట్టారు. ఆయన ఎడమ చెయ్యి మెల్లగా పైకెత్తాడు. నాకు తెలియకుండానే నా వేలు రిమోటు మీద పడి బొమ్మను ఆపింది. ఒక్కొక్క బొమ్మే కదిలిస్తూ చూశాను. చెయ్యి లేచింది, ఎద్దు కళ్ళ ముందుకు వచ్చింది. దాని చెవి వెనక్కు పోలేదు. తల పక్కకు వాలలేదు. ఒక అడుగు ముందుకు వేసి, మూతిని ఆ అరచేతిలో పెట్టింది.